ఆకుపచ్చ గోడల ఇల్లు

చీరాలలో బట్టల దుకాణం నడుపుకునే కోదండపాణి ఎవరినీ నమ్మేవాడు కాదు. బజారులో కొన్న వంకాయలను ఇంటికి తెచ్చి మళ్ళీ తూచేవాడు. పాలు పోయించుకున్నాక గోటి మీద ఒక చుక్క వేసుకుని అది జారే తీరు చూసేవాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, 'వీడికి నాతో ఏం పని పడిందో!' అనుకునేవాడు. ఆ గుణానికి అతను పెట్టుకున్న పేరు జాగ్రత్త.

కోదండపాణి దంపతులు అద్దె ఇంట్లో ఉండేవారు. యజమాని మోటారు వేస్తేనే నీళ్ళు. గోడకు ఒక మేకు కొట్టాలన్నా ఆయన్ను అడగాలి. మనకంటూ చిన్న ఇల్లు ఉంటే చాలని భార్య హైమావతి ఏళ్ళ తరబడి పొదుపు చేస్తూ వచ్చింది. ఆ డబ్బు సమకూరిన రోజున, ఇళ్ళ బ్రోకరు చెంచయ్యను పిలిపించింది.

చెంచయ్య వాళ్ళను స్టేషను అవతల ఒక ఇంటికి తీసుకెళ్ళాడు. హైమావతికి ఆ ఇల్లు చూడగానే నచ్చింది. వంటగదిలోకి ఎండ పడుతోంది. పెరట్లో మల్లెపందిరి ఉంది. చెంచయ్య మాత్రం వెనక గది గోడ మీద అరచెయ్యి ఆనించి, "ఇక్కడ చెమ్మ ఉంది, చూసుకోండి. బాగుచేయించకుండా కొనొద్దు," అన్నాడు.

కోదండపాణి మనసులో ఏదో కలుక్కుమంది. అమ్మిపెట్టేవాడు వస్తువులో లోపం చెప్పడమేమిటి? బట్టల దుకాణంలో తను ఎన్నడైనా అలా చెప్పాడా? ఈ ఇంటిని వేరే ఎవరికోసమో అట్టేపెట్టాడు, తనను పక్కకు తప్పించాలని చూస్తున్నాడు!

ఆ సాయంత్రం అతను చెంచయ్య వెనకే నడిచాడు. టీకొట్టు దగ్గర చెంచయ్య, ఆ ఇంటి యజమాని పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఏదో మాట్లాడుకుని ఇద్దరూ గట్టిగా నవ్వారు. కోదండపాణికి అంతకంటే ఏం కావాలి? ఇంటికొచ్చి, "ఆ ఇల్లూ వద్దు, ఆ బ్రోకరూ వద్దు. ఇద్దరూ కూడబలుక్కున్నారు," అన్నాడు.

"వెళ్ళి అడిగారా ఏమండీ?" అంది హైమావతి.

"అడిగితే నిజం చెబుతారా?" అన్నాడు కోదండపాణి.

కొన్నాళ్ళకు గోవర్ధనరావు అనే పెద్దమనిషి చొక్కా గుడ్డ కోసం దుకాణానికి వచ్చాడు. మాటల్లో తన ఇల్లు అమ్ముతున్నానని చెప్పాడు. "ఈ బ్రోకర్లను నేను గుమ్మం తొక్కనివ్వనండీ. మీరు ఎవరి మాటా తేలిగ్గా నమ్మని మనిషని ఊరంతా అంటారు. మీలాంటివారికి మధ్యవర్తి ఎందుకు?" అన్నాడు.

ఆ మాటకు కోదండపాణి ఛాతీ ఉబ్బింది. తన తెలివిని గుర్తించిన మనిషి ఇన్నాళ్ళకు దొరికాడు.

ఇల్లు వాగుకు దగ్గరలో, చల్లని వీధిలో ఉంది. గోడలకు నడుము ఎత్తు దాకా ముదురు ఆకుపచ్చ రంగు, ఆ పైన తెలుపు. రంగు కొత్తది. ఇంకా వాసన పోలేదు. కోదండపాణి తలుపులు తట్టి చూశాడు, గడియలు లాగి చూశాడు, గదులు కొలిచాడు. ఎదురింటి అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని వీళ్ళనే చూస్తోంది. హైమావతి అటు వెళ్ళబోతే అతను చెయ్యి పట్టి ఆపాడు.

"వాళ్ళతో మాట్లాడకు. ఈ ఇంటిమీద వాళ్ళకే కన్నుందేమో. లేనిపోనివి చెప్పి మనల్ని బెదరగొడతారు," అన్నాడు గొంతు తగ్గించి.

సంగతి తెలిసి చెంచయ్య దుకాణానికి వచ్చాడు. "నాకు కమీషన్ వద్దు కోదండపాణిగారూ. ఒక్క మాట. బయానా ఇచ్చేముందు, గట్టి వాన పడిన మర్నాడు ఆ వీధికి వెళ్ళి చూడండి. పోనీ చుట్టుపక్కల వాళ్ళను అడగండి," అన్నాడు.

"బేరం చెయ్యి జారిందని కడుపుమంటా?" అన్నాడు కోదండపాణి. చెంచయ్య లేచాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కోదండపాణి హైమావతితో కలిసి వెళ్ళి ఈ సంగతి గోవర్ధనరావుకు చెప్పాడు. ఆయన పగలబడి నవ్వాడు. "కమీషన్ పోయినవాడు అలాగే అంటాడు. ఎవరి మాటకో బెదరడానికి మీరేమైనా చిన్నపిల్లాడా?"

తిరిగి వచ్చేటప్పుడు హైమావతి, "వానొస్తే ఇంట్లోకి నీళ్ళు వస్తాయనీ ఆయన చెప్పలేదు, రావనీ చెప్పలేదు. గమనించారా?" అంది. కోదండపాణి వినిపించుకోలేదు. ఆ వారంలోనే రిజిస్ట్రేషన్ అయిపోయింది.

ఎండాకాలమంతా హాయిగా గడిచింది. వర్షాకాలం వచ్చాక ఒకరోజు పొద్దుటి నుంచి ఎడతెరిపి లేకుండా కురిసింది. మధ్యాహ్నానికి వాగు పొంగింది. కాలువలోని మురుగు వీధిలోకీ, వీధిలోంచి గుమ్మం దాటి ఇంట్లోకీ వచ్చింది. హైమావతి బియ్యం డబ్బాను అటక మీదికి ఎక్కించేలోపు పరుపులు తడిసిపోయాయి. నీళ్ళు గోడల మీద సరిగ్గా ఆకుపచ్చ రంగు అంచుదాకా వచ్చి ఆగాయి.

ఎదురింటి ముసలమ్మ వాళ్ళిద్దరినీ తన డాబా మీదికి రమ్మని పిలిచింది. "ఏటా ఇంతేగా నాయనా. ఆ నీటి మరక కనపడకుండానే ఆయన రంగు వేయించాడు. ఆ రోజు అడుగుతారేమోనని అరుగు మీదే కూర్చున్నాను. మీరు మొహం తిప్పుకుని పోయారు," అంది.

నీళ్ళు తగ్గాక కోదండపాణి గోవర్ధనరావు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన వక్కపొడి నములుతూ, "మీరు నన్ను అడగలేదు, నేను చెప్పలేదు," అన్నాడు.

మరి ఎటూ తోచక కోదండపాణి హైమావతిని వెంటబెట్టుకుని చెంచయ్య ఇంటికి వెళ్ళాడు. "ఈ ఇల్లు నువ్వే అమ్మిపెట్టాలి. నీళ్ళ సంగతి మాత్రం ఎవరితోనూ అనకు. కమీషన్ ఎంతంటే అంత ఇస్తాను," అన్నాడు.

"చెప్పే అమ్ముతాను. దాచాలంటే నాతో కాదు," అన్నాడు చెంచయ్య.

కోదండపాణికి రోషం వచ్చింది. "అంత నీతిమంతుడివా? ఆనాడు టీకొట్టు దగ్గర ఆ ఇంటాయనతో నవ్వుతూ కూర్చోలేదూ? నా కళ్ళతో చూశాను!"

చెంచయ్య ఆశ్చర్యపోయాడు. "అవును, కూర్చున్నాను. చెమ్మ గోడ తన ఖర్చుతో బాగుచేయించి ఇస్తానని ఆయన ఒప్పుకున్నాడు. మీకోసమే అడిగాను. ఆ సంతోషంలో నవ్వుకున్నాం. మర్నాడు మీకు చెప్పడానికొస్తే మీరు తలుపు తీయలేదు. ఆ ఇల్లు ఒక టీచరుగారు కొనుక్కున్నారు."

అంతదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న హైమావతి ముందుకొచ్చింది. "అన్నయ్యగారూ, మేం ఏడ్చిన ఏడుపు ఇంకొకరిచేత ఏడిపించొద్దు. అంతా చెప్పే అమ్మండి," అంది.

కోదండపాణి తల వంచుకున్నాడు. "ఆవిడ చెప్పినట్టే చెయ్యండి చెంచయ్యగారూ," అన్నాడు. అతను ఒక బ్రోకరును 'గారూ' అనడం హైమావతి వినడం అదే మొదటిసారి.

ఇల్లు వెంటనే అమ్ముడుపోలేదు. వచ్చినవాళ్ళు నీళ్ళ మాట విని వెనక్కి వెళ్ళేవారు. చివరికి ఒక తాపీమేస్త్రీ అన్నీ విని, పునాది ఎత్తు చేసుకుని కట్టుకుంటానని తక్కువ ధరకు కొన్నాడు. నష్టం బాగానే వచ్చింది. కోదండపాణి దంపతులు మళ్ళీ అద్దె ఇంటికి చేరారు. మల్లెపందిరి ఇంటి వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే హైమావతి చుట్టు తిరిగి వెళ్ళేది.

రెండేళ్ళకు చెంచయ్య మరో ఇల్లు చూపించాడు. ఈసారి కోదండపాణి గడియలు లాగి చూడలేదు. ముందు వీధిలో ఇంటింటికీ వెళ్ళాడు. "అమ్మా, ఇక్కడ వానొస్తే ఎలా ఉంటుంది? మంచినీళ్ళు రోజూ వస్తాయా? ఈ ఇంటాయనకు ఎవరితోనైనా తగాదా ఉందా?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. అందరూ చెప్పారు. ఒకరిద్దరు కాఫీ కూడా ఇచ్చారు. విన్నదంతా చెంచయ్య చెప్పినదానితో సరిపోయింది. అప్పుడు బయానా ఇచ్చాడు.

నీతి: అందరినీ అనుమానించడం జాగ్రత్త కాదు, నోరు తెరిచి అడిగి, నిజం తెలుసుకోవడమే జాగ్రత్త.