జమీందారుగారి కుక్క బొమ్మ

ఎడ్లబళ్లకు రంగులు వేసుకుని బతికే గురువులుకి దివాణం నుంచి కబురొచ్చింది. జమీందారుగారు ముద్దుగా పెంచుకునే కుక్క ఫోటో చేతికిచ్చి, దాన్ని చూసి నిలువెత్తు బొమ్మ వెయ్యమన్నారు. గురువులు నెల్లాళ్లు కూర్చుని, తెగిన చెవితో సహా ఉన్నదున్నట్టు వేశాడు.

బొమ్మ తెచ్చి ఎదురుగా నిలబెట్టగానే కుక్క గుర్రుమంటూ మీదికి దూకింది.

"చూశార్రా, తన బొమ్మని తనే పోల్చుకోలేకపోయింది. వీడి కుంచెలు విరిచి ఊరు దాటించండి," అన్నారు జమీందారుగారు.

గురువులు దిక్కులు చూశాడు. అంతలో గోడ మీద, బొజ్జ లేకుండా, గుబురు మీసాలతో వెలిగిపోతున్న జమీందారుగారి పటం కంటబడింది.

"చిత్తం దొరా. ఆ పటాన్ని కూడా ఒక్కసారి దించి దానికి చూపించండి," అన్నాడు.

దించారు. కుక్క వాసన చూసి, కాలెత్తి, పటంలోని దొరగారి కిర్రుచెప్పులు తడిపేసింది.

దివాణమంతా నేలచూపులు చూసింది. ఆ పటం తనలా లేదనడానికి మాత్రం జమీందారుగారికి మనసొప్పలేదు.

"కుక్కకి బొమ్మల సంగతేం తెలుసురా," అని గొణిగారు.

"ఇందాక నేనూ అదే మనవి చేసుకుందామనుకున్నాను దొరా," అన్నాడు గురువులు, కుంచెలు మూటగట్టుకుంటూ.