పేజీకో గింజ

మోదుగుకొండ అడవిలో జంతువులకో కాలేజీ ఉంది. అక్కడ ఏ చెట్టు కింది కంప్యూటర్ నుంచి పంపినా, కాగితం మాత్రం కొండవారనున్న ప్రింటింగ్ గదిలోనే వచ్చిపడుతుంది. ఆ గదిని చూసుకునేది గురవయ్య అనే ఎద్దు. మొన్నమొన్నటిదాకా ప్రింటింగ్ ఉచితం. ఉచితమనేసరికి ఒక్కొక్కరూ నాలుగేసి కాపీలు తీసి, రెండు పట్టుకెళ్లి, రెండు అక్కడే వదిలేసేవారు. వదిలేసినవి మేక లచ్చి శుభ్రంగా నమిలేసేది. కిందటేడు సరిగ్గా పరీక్షల ముందు కాగితం నిండుకుని కాలేజీ అంతా గగ్గోలైంది.

అందుకని ఈ ఏడు పేజీకో వేరుశనగ గింజ చొప్పున పెట్టారు. పరీక్షకు చదవాల్సిన పుస్తకం నలభై పేజీలు కాబట్టి, ఎవరికీ ఇబ్బంది లేకుండా తలా నలభై గింజలు కాలేజీయే ముందుగా ఇచ్చింది. ఇక్కడి పరీక్షలో పాఠం దగ్గర పెట్టుకుని చూసి రాయొచ్చు. అయితే అది కాలేజీ ముద్ర పడిన ప్రింటే అయ్యుండాలి.

జంబులింగం అనే నక్క అప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే చదువు మాన్పించి, వాగు దగ్గర మేనమామతో పీతలు పట్టే పనిలో పెడతామని ఇంట్లో తేల్చి చెప్పారు. పీతలంటే జంబులింగానికి హడల్. ముక్కు మీద పాత గాటు ఇప్పటికీ ఉంది మరి.

ఎలాగైనా పాసవ్వాలి, గింజలూ మిగలాలి. వాడు కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు తగ్గించి, ఇంకా తగ్గించి, నలభై పేజీల పుస్తకాన్నీ ఒక్క పేజీలోకి కుదించేశాడు. గురవయ్య ముందు దర్జాగా ఒక్క గింజ పెట్టాడు.

గురవయ్య కాగితాన్ని ఎగాదిగా చూశాడు. "ఓసారి చదివి చూసుకోరా అబ్బాయ్."

"లెక్క పేజీకేగా బాబాయ్, అక్షరానికి కాదుగా. హాల్లో ఎలాగూ చూసి రాసేదే. ఇప్పట్నుంచీ చదవడమెందుకు?" అని జంబులింగం కాగితాన్ని మడిచి దాచుకున్నాడు. మిగిలిన ముప్పై తొమ్మిది గింజలూ వారం తిరక్కుండానే కరకరలాడించేశాడు.

పరీక్షకు ఇంకా మూడు రోజులుందనగా, లచ్చి దగ్గర గొప్పలు పోదామని కాగితం విప్పాడు. ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు. దూరం పెట్టి చూశాడు, ఎండలో పట్టి చూశాడు, ఒక కన్ను మూసి చూశాడు. లాభం లేదు. గురవయ్య దగ్గరికి పరుగెడితే, పరీక్షల వారం కదా, కంప్యూటర్లన్నిటికీ తాళాలు వేసేశామన్నాడు. జంబులింగానికి కళ్ల ముందు పీతలే ఆడుతున్నాయి.

అప్పుడు తోటి విద్యార్థిని, చీమ నూకాలు, కాగితం మీదికెక్కి అటూ ఇటూ నడిచి చూసింది. తనకు అక్షరాలు చక్కగానే కనబడుతున్నాయంది.

"నేను చదువుతా, నువ్వు రాసుకో అన్నా. చెప్పిన లైను మళ్లీ చెప్పను. కూలి కింద నీ బొరియలో పడున్న గింజల తునకలు మావాళ్లు ఏరుకుంటారు."

పొట్టుకే పనైపోతోందని జంబులింగం లోలోపల మురిసిపోయాడు, ఆ సంబరంలో ముద్ర సంగతే మరిచిపోయాడు. మూడు పగళ్లు చీమ బిగ్గరగా చదువుతూనే ఉంది, నక్క రాస్తూనే ఉన్నాడు. వేళ్లు వాచాయి, మెడ పట్టేసింది. చివరికి ఇంత లావు కట్ట తయారైంది.

ఆ కట్టను హాలు గుమ్మంలోనే గురవయ్య ఆపేశాడు. చేతిరాత మీద ముద్ర లేదు, రూలు రూలేనన్నాడు. జంబులింగం కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనైంది. ఇక పీతలే గతి అనుకుంటూ వెళ్లి కూర్చుని మొదటి ప్రశ్న చదివాడు. విచిత్రంగా జవాబు గుర్తొచ్చింది. అది ఏ పూట రాశాడో, ఎక్కడ చెయ్యి నొప్పెట్టి ఆపాడో కూడా గుర్తొచ్చింది. రెండోదీ వచ్చింది. గంట కొట్టేదాకా తల ఎత్తలేదు.

ఫలితాలొచ్చాయి. నూకాలు మొదటి స్థానం. జంబులింగం పదకొండో స్థానంలో పాసయ్యాడు. ఆనందం పట్టలేక ప్రింటింగ్ గది ముందు నిలబడి, ఒక్క గింజ ఖర్చుతో గట్టెక్కిన తెలివి తనదని అందరికీ చెప్పడం మొదలెట్టాడు.

"ఒక్కటి మాత్రం ఎందుకు ఖర్చుపెట్టావన్నా?" అంది నూకాలు నెమ్మదిగా. "నేనసలు ప్రింటే తియ్యలేదు. నీ కాగితమే చదువుకున్నా. నా నలభై గింజలూ వానాకాలానికి పుట్టలో భద్రంగా ఉన్నాయి."

గురవయ్య గంగడోలు ఊగేలా నవ్వాడు. కాసేపటికి జంబులింగమూ తల గోక్కుంటూ నవ్వేశాడు. పీతల బాధ తప్పిందిగా, అది చాలు వాడికి.

కాగితం ఎవరు కొన్నా, చదువు మాత్రం చదివినవాళ్లదే.