చేతులు చూపిస్తే చాలన్నారు

మండపేటలో పాత మార్కెట్టు వెనక సందులో ఓ ఇల్లుంది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. తెలివి మాత్రం ఊరంతటికీ పంచిపెట్టినా మిగిలేంత ఉందని ఆ ముగ్గురి నమ్మకం. ఇంటాయన బుల్లబ్బాయి. ఆయన తల్లి సూరమ్మ. ఆయన పెళ్ళాం మంగతాయారు.

"ఈ ఊళ్ళో జనం ఒకటి చెబితే ఇంకోటి చేస్తారమ్మా. మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం," అనేవాడు బుల్లబ్బాయి.

"అందుకే మనింట్లో గొడవలుండవు నాయనా," అనేది సూరమ్మ.

గొడవలుండవన్న మాట నిజమే. గొడవపడాలంటే నోరు విప్పాలి కదా. పరాయి మనిషి ఎదురైతే ఆ ముగ్గురికీ గొంతు పెగలదు. పాలవాడు గేటు తడితే ముగ్గురూ తలుపు వెనక నక్కుతారు. వాడు పాకెట్లు గుమ్మంలో పడేసి పోయాక, ముందు ఎవరు బయటికెళ్ళాలో సైగలతో తేల్చుకుంటారు. అది తేలేసరికి పాలు విరిగిపోతాయి.

ముగ్గురిలోకీ మంగతాయారు మరీనూ. కానీ వడియాల దగ్గర ఆవిడ తరవాతే ఎవరైనా. ఆవిడ పెట్టిన గుమ్మడి వడియం నూనెలో పడీపడగానే విచ్చుకుంటుంది. తిన్నవాణ్ణి గనక చెబుతున్నాను, మీరు నమ్మండి నమ్మకపోండి. ఇన్నేళ్ళూ ఆ వడియాలన్నీ వీధి చివర కిరాణా కొట్టాయన పట్టుకెళ్ళి అమ్మిపెట్టేవాడు. ఈ వేసవిలో ఆయన కొట్టు మూసేసి బెంగుళూరులో కూతురి దగ్గరికి పోయాడు. ఇంకేముంది, వడియాల డబ్బాలు ఇంట్లో అటకదాకా పేరుకున్నాయి.

అప్పుడు దిగాడు సూరమ్మ తమ్ముడు నాగభూషణం. ఆయనకి బస్టాండులో మిక్చరు కొట్టుంది. మనిషి మంచివాడే, గొంతే కాస్త పెద్దది.

"అక్కా, వానలు పడ్డాయంటే ఇవన్నీ మెత్తబడి పోతాయి. ఈలోగా అమ్ముకున్నారా సరే. లేకపోతే కోడల్ని నా కొట్లో గల్లా దగ్గర కూచోబెట్టు. పనేం లేదు. బస్సు దిగిన వాళ్ళందరినీ 'రండి బాబూ రండి, వేడివేడి మిక్చరు' అని కేకెయ్యడమే," అన్నాడు.

మంగతాయారుకి అక్కడికక్కడే ఒళ్ళు కాలిపోయింది. ఉత్తుత్తి జ్వరం కాదు, మాత్ర వేసుకున్నా దిగలేదు. బస్టాండు. కొత్త మొహాలు. కేకలు. తలుచుకుంటేనే ఆవిడకి ఏడుపొచ్చింది. దుప్పటి ముసుగేసుకుని, ఆ ముసుగులోంచే అన్న కూతురు హిమజకి ఫోన్ చేసింది. హిమజ కాకినాడలో చిన్న చిన్న కొట్లవాళ్ళ సరుకు ఫోనులో అమ్మిపెట్టే ఉద్యోగం చేస్తుంది.

"ఇంతదానికి ఏడుపెందుకత్తా? ఇన్‌స్టాలో పేజీ నేను తెరిచిస్తాను. నువ్వు మాట్లాడక్కర్లేదు, మొహం చూపించక్కర్లేదు. చేతులు చూపిస్తే చాలు," అంది హిమజ.

అంతే. మంగతాయారు జ్వరం దిగిపోయింది. సున్నిపిండితో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. గోరింటాకు పెట్టుకుంది. బుల్లబ్బాయి ఫోను పట్టుకున్నాడు. ముందు అరచేతులు చూపించింది. తరవాత వెనక్కి తిప్పి చూపించింది. వేళ్ళు ముడిచి చూపించింది. వెనకాల డబ్బా కాస్త కనపడుతోందని సూరమ్మ దాని మీద తువ్వాలు కప్పింది. చేతులు చాలన్నాక వడియాలెందుకు మధ్యలో?

జనం చూశారు. ఒకావిడ గోరింటాకులో ఏం కలిపారని అడిగింది. ఒకాయన గీతలు చూసి, మీకు సముద్రయానం లేదని చెప్పాడు. వడియాల మాట ఎవరూ ఎత్తలేదు.

హిమజ తల పట్టుకుంది. "అత్తా, వడియాలు ఎలా చేస్తారో చూపించాలి. మీ ఇంట్లో రోజూ జరిగేది ఉన్నదున్నట్టు చూపించండి. ఏమీ దాచకండి."

ఉన్నదున్నట్టు అంటే మాటలా? మేడ మీద చాప పరిచి, వడియాలు పెట్టి, ఎదురుగా ఫోను నిలబెట్టి లైవు పెట్టారు. వడియం ఎండాలంటే రోజంతా పడుతుంది గనక రోజంతా ఆ వీడియో నడుస్తూనే ఉంది. మధ్యాహ్నానికి ఓ కాకి వచ్చి వాలింది. దాన్ని తోలడం బుల్లబ్బాయి పని. కానీ గట్టిగా హుష్ అంటే చూసేవాళ్ళందరికీ వినపడిపోదూ? పైగా అది రోజూ వచ్చే కాకి కాదు, కొత్త కాకి. ఆయనకి మొహమాటమేసింది. పక్కకెళ్ళి చిన్నగా గొంతు సవరించాడు. కాకి ఒక వడియం మింగింది. ఆయన రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. కాకి ఇంకోటి మింగి, వాళ్ళవాళ్ళని పిలిచింది. చాపంతా నల్లబడిపోయింది. బుల్లబ్బాయి దణ్ణం దించలేదు.

ఇంకేముంది, ఆ వీడియో ఊళ్ళు తిరిగింది. సాయంత్రానికి హిమజ సంబరంగా ఫోన్ చేసింది. "అత్తా, వేలమంది చూశారు మిమ్మల్ని."

సూరమ్మ ఫోనుకి దూరంగా జరిగింది. "వేలమంది కళ్ళే? కొంపలో దిష్టి కుప్పపోసినట్టేగా. కోడలికి మొన్న జ్వరం ఊరికే వచ్చిందా?"

"ఆ జ్వరం ముందు కదమ్మా వచ్చింది," అన్నాడు బుల్లబ్బాయి.

"అదే మరి. ఇంకా చూడకముందే అంత జ్వరమొస్తే, చూశాక ఎంత రావాలి?" అంది సూరమ్మ. అందులో ఎంత తెలివుందో చూసి బుల్లబ్బాయి లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాడు.

ఉప్పూ మిరపకాయలూ ఫోను చుట్టూ తిప్పి పొయ్యిలో వేశారు. ముగ్గురూ దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నారు. అయినా సూరమ్మకి తృప్తి కలగలేదు. చుక్క పెట్టాలంది. ఎక్కడ పెట్టాలి? వచ్చిన కళ్ళన్నీ ఫోనుకున్న ఆ చిన్న కన్నులోంచేగా వస్తున్నాయి. కాటుక భరిణె తెచ్చి, సరిగ్గా ఆ కన్ను మీదే దట్టంగా చుక్క పెట్టేసింది.

ఆ మర్నాటి నుంచి పెట్టిన వీడియోలన్నీ అమావాస్యే. గిన్నెల చప్పుడు వినపడేది, ఏమీ కనపడేది కాదు. 'మీ ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందండీ' అని పాపం జనం అడిగేవారు. కాటుక సంగతి హిమజకి వీళ్ళు చెప్పలేదు. ఆ పిల్ల అడగలేదు గదా.

"వీడియోలొద్దులే అత్తా, రాయి. అంతమందిని తలుచుకుంటే నీకు భయం. అందుకని నీకు చనువున్న ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్టు రాయి," అంది హిమజ.

మంగతాయారుకి చనువున్న మనిషంటే ద్రాక్షారామంలో ఉన్న అక్క. ఆవిడతో మాట్లాడుతున్నట్టే రాసింది. 'అక్కా, బావగారి మోకాలు ఎలా ఉంది? కార్తీకమాసంలో నువ్వు పట్టుకెళ్ళిన ఇత్తడి గిన్నె ఇంకా పంపలేదు. మా అత్తయ్య రోజూ అడుగుతోంది. వడియాలు అటకదాకా ఉన్నాయి. అవి పోకపోతే నన్ను బస్టాండులో కూచోబెడతారట. నాకు భయంగా ఉందక్కా.'

ఇది చదివి నవ్విన వాళ్ళకంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్న వాళ్ళే ఎక్కువ. తలుపు వెనక నక్కే మనుషులు ఊరూరా ఉంటారు కదండీ. 'బావగారికి ఆముదం రాయండి' అని ఒకరు, 'మీ అక్క చేసింది బాగాలేదు' అని ఒకరు, 'బెంగ పెట్టుకోకు చెల్లీ, మాకు ఒక కేజీ వడియాలు' అని బోలెడుమంది. ఆర్డర్ల మీద ఆర్డర్లు. ద్రాక్షారామం అక్క మాత్రం ఇత్తడి గిన్నె బస్సులో పంపించి, ఇక మాటల్లేవంది.

గండం గట్టెక్కినట్టే. డబ్బాలు కట్టి పంపేస్తే సరిపోయేది. కానీ హిమజ సంతోషం పట్టలేక ఓ మాట అంది. "అత్తా, కాస్త సరుకు ఉండగానే 'స్టాకు అయిపోయింది' అని పెట్టేయ్. దొరకదంటేనే జనం ఎగబడతారు."

బుల్లబ్బాయి మొహం మాడ్చుకున్నాడు. "ఉండగా అయిపోయిందని ఎలా పెడతాం? అబద్ధం మనింటావంటా లేదే."

"అయితే ముందు అవగొడదాం. తరవాత పెడదాం," అంది సూరమ్మ.

అంతే. బాణలి పొయ్యెక్కింది. వేయించడం, తినడం. అన్నంలోకి వడియాలు, కాఫీలోకి వడియాలు, వడియాల్లోకి వడియాలు. ముగ్గురి వల్లా కాలేదు. వీధిలో వాళ్ళని పిలవాలంటే మాట్లాడాలి కదా. అందుకని వేయించినవన్నీ గంపలకెత్తి, చప్పుడు చెయ్యకుండా ఇంటింటి గుమ్మంలో పోసి పరిగెత్తుకొచ్చేశారు. మిగిలినవి మేడ మీద పోస్తే పాత చుట్టాలే కదా అని కాకులు మొహమాటపడకుండా తినిపోయాయి. ఆఖరి డబ్బా బోర్లించి మంగతాయారు గర్వంగా రాసింది. 'అక్కా, స్టాకు అయిపోయింది.'

హిమజ చెప్పినట్టే జనం ఎగబడ్డారు. పంపడానికి ఇంట్లో ఒక్క వడియం లేదు. మర్నాడే వాన పడింది. ఆ మర్నాడు నాగభూషణం వచ్చాడు.

"అమ్మారా?"

"అన్నీ అయిపోయాయి తమ్ముడూ," అంది సూరమ్మ.

"డబ్బులేవి?"

డబ్బుల సంగతి హిమజ చెప్పలేదే అని ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాగభూషణం ఇంకేం వినలేదు. "పొద్దున్నే కోడలు కొట్లో ఉండాలి," అన్నాడు.

మంగతాయారు ఎక్కెక్కి ఏడ్చింది. బుల్లబ్బాయి పక్కన కూచున్నాడు. ఆలోచించాడు. "ఏడవకే తాయారూ. మొహం చూపించక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు, చేతులు చూపిస్తే చాలని హిమజ చెప్పిందా లేదా?"

పొద్దున్నే గల్లా ముందు పాత దుప్పటి కట్టి, దానికి రెండు కంతలు పెట్టారు. దుప్పటి వెనక మంగతాయారు. కంతల్లోంచి రెండు చేతులు బస్టాండులోకి వచ్చాయి. బస్సు దిగిన ఒకావిడ ఆగి చూసింది. "ఇవి ఫోనులో చేతులు కాదూ? గోరింటాకు చూడు," అంది. ఇంకేముంది, జనం మూగిపోయారు. చేతులతో ఫోటోలు దిగేవాళ్ళు దిగుతున్నారు, మిక్చరు కొనేవాళ్ళు కొంటున్నారు. నాగభూషణం పొంగిపోయి, "ఇక నా కోడలు ఎప్పటికీ ఇక్కడే," అన్నాడు. దుప్పటి వెనక నుంచి సన్నగా మూలుగు వినిపించింది.

సూరమ్మ ఆ కళ్ళన్నీ చూసింది. ఫోనుకి ఒకటే కన్ను. ఇక్కడ మనిషికి రెండేసి. కొంగున కట్టుకొచ్చిన కాటుక భరిణె తీసింది. కళ్ళజోడు ఉన్నవాళ్ళందరి అద్దాల మీదా టకటకా చుక్కలు పెట్టుకుంటూ పోయింది. మొదటి జోడు తమ్ముడిదే. ఆయన మిక్చరు పొట్లంలో పోయబోయి కండక్టరు టికెట్ల సంచిలో పోశాడు. కండక్టరు చేసిన గోలకి బస్టాండంతా అదిరింది.

"బయటికి నడవండి ముగ్గురూ," అని అరిచాడు నాగభూషణం. "మీ నీడ కూడా నా కొట్టు మీద పడకూడదు." అరిచి, జోడు కడుక్కోడానికి కుళాయి దగ్గరికి తడుముకుంటూ పోయాడు.

మంగతాయారు ప్రాణం లేచొచ్చింది. ముగ్గురూ గబగబా బయటపడ్డారు. బుల్లబ్బాయి వెనక్కి తిరిగి చూసి ఆగిపోయాడు. వాన వెలిసి ఎండ కాస్తోంది. ముగ్గురి నీడలూ పొడుగ్గా కొట్టు మీదే పడుతున్నాయి. పక్కకి జరిగారు, నీడలూ జరిగాయి. కూచున్నారు, అవీ కూచున్నాయి.

"పడకూడదన్నాడు కదా మావయ్య. ఎండలో ఉంటే పడుతుంది, చీకట్లో ఉంటే పడదు," అన్నాడు బుల్లబ్బాయి.

"చీకటెక్కడుంది నాయనా ఇప్పుడు?"

అంతే. ముగ్గురూ కొట్లోకి దూరి షట్టరు కిందికి లాగేశారు. లోపల చిమ్మచీకటి. నీడ మచ్చుకైనా లేదు. చూసే కన్ను కూడా ఒక్కటీ లేదు. మంగతాయారుకి పుట్టి బుద్ధెరిగాక అంత హాయిగా ఎప్పుడూ లేదు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. గొంతు దానంతటదే తెరుచుకుంది.

"రండి బాబూ రండి, వేడివేడి మిక్చరు," అని కేకేసింది. బస్టాండంతా వినపడింది.

బయట నాగభూషణం రెండు చేతులా షట్టరు బాదడం మొదలుపెట్టాడు.

"చూశావా, పిలవగానే బేరం వచ్చింది," అన్నాడు బుల్లబ్బాయి మురిసిపోతూ.

"ష్," అంది మంగతాయారు. "తలుపు తియ్యకండి. ఎవరో కొత్త మనుషుల్లా ఉన్నారు."