తాడు పట్టిన తీతయ్య

అనగనగా ఒక పాలెం. ఎప్పటిదో అడక్కండి, మా అవ్వకే తెలీదు. ప్రార్థన గుడి ఉంది, గుడికి గంట ఉంది, మంచినీళ్ళే లేవు. ఆడవాళ్ళు కడవలెత్తుకుని మైలు దూరం ఊళ్ళో బావికి పోవాలి. పోయినా తోడుకోనివ్వరు. కడవ కింద పెట్టి దూరంగా నిలబడితే, దయగల తల్లి ఎవరైనా వచ్చి పైనుంచి పోస్తే నీళ్ళు. లేదంటే ఖాళీ కడవతో తిరిగి రావడమే.

ఆ పాలేనికి సంఘపెద్ద గిద్యోను. ఆయనకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నారో లేదో చూడ్డానికి తను ఒక కన్ను తెరిచి ఉంచేవాడు!

అక్కడే తీతయ్య అని బావులు తవ్వే మనిషి ఉండేవాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఒక గునపం, ఒక గంప, ఒక తాడు.

"బావి నేను తవ్వుతా. కూలి వద్దు, పూటకింత గంజి పొయ్యండి చాలు," అన్నాడు తీతయ్య.

అందరూ సంతోషించారు. గిద్యోనుకి మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది. 'కూలి వద్దన్నాడంటే ఇందులో ఏదో ఉంది.'

మొదటి గుంట మూడు నిలువులు తవ్వాడు. రాయి పడింది. ఆడవాళ్ళు ఉసూరుమన్నారు. తీతయ్య అడుగు మట్టి పిడికెడు తీసి తువ్వాలు కొంగున ముడేసుకుని పైకొచ్చాడు. "పైనున్నాయనకి తెలుసులే," అన్నాడు. మర్నాడే గుంట పూడ్చేశాడు.

'పూడ్చడానికంత తొందరేంది? ముడిలో ఏముంది? ఇందులో ఏదో ఉంది,' అనుకున్నాడు గిద్యోను.

రెండో గుంటలో నీళ్ళు పడ్డాయి. పాలెమంతా స్తోత్రం స్తోత్రం అంటూ ఉరికింది. నోట్లో పోసుకుంటే ఒట్టి ఉప్పు. తీతయ్య మళ్ళీ మట్టి ముడేసుకున్నాడు. "పైనున్నాయనకి తెలుసులే," అన్నాడు. మర్నాడే పూడ్చేశాడు. గిద్యోనుకి ఆ రోజు అన్నం సయించలా.

మూడో గుంటలో మట్టి ముడేసుకుని పైకి రాబోతుంటే గట్టు విరిగి మీద పడింది. కాలు విరిగింది. పైకి తీస్తే తీతయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఎందుకు తండ్రీ, నాకే ఎందుకు?" అని అడిగాడు కూడా. రాత్రంతా అడిగి అడిగి, తెల్లారాక ముడి తడిమి చూసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. "పైనున్నాయనకి తెలుసులే. ఈ గుంట మాత్రం పూడ్చకండి," అన్నాడు.

ఇంకేముంది! గిద్యోను పరుగున ఇంటికెళ్ళి పెళ్ళాన్ని పిలిచాడు.

"శలోమీ! వాడికి లంకెబిందెలు దొరికినయ్యే. రెండు గుంటలు పూడ్చినవాడు మూడోది పూడ్చొద్దంటాడేంది?"

"దొరికితే ఇంకా గంజి తాగుతాడా?"

"అదే మరి! మనకి అనుమానం రాకూడదని తాగుతున్నాడు."

శలోమమ్మ నెత్తి కొట్టుకుని, కడవెత్తుకుని ఊళ్ళోకి పోయింది.

గిద్యోను ఊరుకున్నాడా? గుడి అయ్యగారి చెవిలో వేశాడు. "తీతయ్య మనసులో మర్మముంది. అది తేలేదాకా ప్రభువు బల్లకి దూరం పెట్టండి." అయ్యగారు మెత్తటి మనిషి, సరేనన్నాడు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం వచ్చింది. జనమంతా లోపల, తీతయ్య ఒక్కడూ బయట అరుగు మీద. కాలు విరిగినప్పటికన్నా ఆ రోజే ఎక్కువ ఏడ్చాడు. పైనున్నాయనకి తెలుసు అనడానికి కూడా నోరు రాలా.

పాట మొదలవగానే గిద్యోను కడుపు పట్టుకున్నాడు. నొప్పి అని సైగ చేసి, వెనక తలుపులోంచి జారుకున్నాడు. గుడి వెనకే మూడో గుంట. గుంట గోడకి చెక్కిన మట్టిమెట్ల మీదుగా దిగి, రాలిన మట్టి తోడి, అక్కడే పడున్న తీతయ్య గునపం వేశాడు. ఖంగుమంది. బిందె మూతే అనుకున్నాడు! సందులో గునపం దూర్చి ఎత్తాడు. బండ పెకలింది. కింద నుంచి నీళ్ళు తన్నుకొచ్చాయి.

మోకాళ్ళదాకా వచ్చాయి. నడుందాకా వచ్చాయి. రొమ్ముదాకా వచ్చాయి. పైకెక్కబోతే తడికి మెట్లు విరిగిపోతున్నాయి. "ఎవరన్నా రండ్రోయ్!" అని అరిచాడు. లోపల తాళాలు, డోలక్, పాట. ఎవరికి వినపడుద్ది? బయట కూర్చున్న ఒక్కడికే వినపడింది.

తీతయ్య దేక్కుంటా వచ్చాడు. గట్టు మీదున్న తన తాడు చెట్టు మొద్దుకి కట్టి, తనూ పట్టుకుని, లోపలికి వదిలాడు. "పట్టుకో పెద్దయ్యా!"

గిద్యోను తలెత్తి చూశాడు. తను బయట కూర్చోబెట్టిన మొహమే.

"తాడు గట్టిగా కట్టావా?"

"కట్టా."

"నిజంగా?"

"నిజంగానే."

"సగంలో వదిలెయ్యవుగా?"

తీతయ్యకి కోపమొచ్చింది. "వదిలేసేవాణ్ణయితే ఈ కాలేసుకుని ఎందుకొస్తానయ్యా? నీళ్ళు గొంతుదాకా వచ్చినయ్, పట్టుకో!"

పట్టుకున్నాడు. పైకొచ్చాడు. రొప్పుతూ అడిగిన మొదటి మాటేంటో తెలుసా? "ఆ ముడిలో ఏముండేది?"

"మట్టి పెద్దయ్యా. తెల్లారేసరికి చెమ్మ ఆరిందా లేదా చూస్తాం. మూడో గుంట మట్టి ఆరలా. అందుకే పూడ్చొద్దన్నా."

"మరి చెప్పొచ్చుగా?"

"చెబితే నమ్మేవాడివా?"

గిద్యోను వంగి, తీతయ్యని వీపు మీద ఎక్కించుకుని, నీళ్ళోడుతూ గుడిలోకి నడిచాడు. "ఈయన్ని లోపల కూర్చోబెట్టండి. బయట కూర్చోవలసింది నేను," అని అందరి ముందూ ఏడ్చాడు. అయ్యగారు తీతయ్య చేతిలో రొట్టె పెట్టాడు. శలోమమ్మ ఆ రోజు తన చేత్తో తాను నీళ్ళు తోడుకుంది. తోడింది, తాగింది, మళ్ళీ తోడింది. తియ్యటి నీళ్ళు.

తీతయ్య కుంటుతూనే చాలాకాలం బతికి, ఆనక చనిపోయాడు. సమాధి ఎక్కడో ఇప్పుడెవరికీ గుర్తు లేదు. బావి మాత్రం తీతయ్య బావే.

ఇప్పటికీ ఏటా ఎండాకాలం ఆ బావిలో పూడిక తీసేటప్పుడు ముందు దిగాల్సింది సంఘపెద్దే. పైన తాడు పట్టాల్సింది ఆయనకి ఎవరి మీద అనుమానముందో ఆ మనిషి. నాకెవరి మీదా లేదని తప్పించుకోడానికి లేదు, పేరు చెప్పేదాకా గట్టు మీంచి కదలనివ్వరు. సంఘపెద్ద తల దించుకుని పేరు చెబుతాడు. ఆ మనిషి జనంలోంచి ముందుకొచ్చి తాడు అందుకుంటాడు. పెద్ద దిగుతాడు.