గొడుగు కింద పెసర మొలకలు

పాలవాగు సంస్థానాన్ని ఏలిన నరసరాజుకి చెవుల నిండా పద్యాలు ఉండాలి, కళ్ల నిండా పూలు ఉండాలి. ఓ ఉదయం ఆ రెండూ ఒక్కచోటే దొరికాయి. ఆస్థానకవి గరళకంఠ కవి సంపెంగ మొక్క ముందు నిలబడి పద్యం చదివాడు. మర్నాడు ఆ మొక్క పూసింది.

"చూశారా ప్రభూ, నా పద్యం వింటే మొక్కలు కూడా ఒళ్లు విరుచుకుంటాయి," అన్నాడు కవి.

సంపెంగ పూసే నెల అదేనని ఎవరైనా చెప్పొచ్చు. కానీ రాజుగారు మురిసిపోతున్నప్పుడు అడ్డుపడే అలవాటు ఆ కొలువులో ఎవరికీ లేదు.

"అలాగైతే మనకి తోటమాలి దేనికి?" అన్నాడు రాజు. "తోట మీరే చూసుకోండి. ముత్యాలు అనుభవిస్తున్న మాన్యం కూడా మీరే తీసుకోండి."

ముత్యాలే ఆ తోటమాలి. మూడు తరాలుగా ఆ రెండెకరాల మాన్యం మీదే వాళ్ల ఇల్లు గడుస్తోంది. పాపం, ఆమె నీళ్ల కుండ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ ముక్క చెప్పేటప్పుడల్లా నాకు ఆ రాజు మీద ఒళ్లు మండుతుంది. ఏం లాభం, నేను అప్పటికి పుట్టలేదు.

కొలువులో ధాన్యం కొలిచే పేరయ్య మాత్రం ముందుకొచ్చాడు.

"ప్రభూ, కొలవకుండా పిడికెడు గింజలు గాదెలో పోయనివ్వరు మీరు. పద్యాన్ని కొలవకుండా మాన్యం ఇచ్చేస్తే ఎలా? పది రోజులు గడువివ్వండి."

రాజుకి ఇదేదో వేడుకగా తోచింది. కవికి పది రోజులు ఆపకుండా పద్యాలు చదివే అవకాశం దొరికింది. ఇద్దరూ ఒప్పుకున్నారు.

పేరయ్య ఒకే కుమ్మరి చేసిన ఇరవై కుండలు తెచ్చాడు. ఒకే గుట్టలోని మట్టి నింపి, కుండకొక పెసర గింజ నాటాడు. పొద్దున్నే కుండకి గిద్దెడు నీళ్లు, అంతకు చుక్క ఎక్కువ కాదు. తోటకి ఈ చివర పది కుండలు, ఆ చివర పది. రెండు చోట్లా ఎండ ఒక్కటే.

"పది ఎందుకయ్యా, అటొకటి ఇటొకటి చాలవా?" అన్నాడు రాజు.

"ఆ ఒక్క గింజా బద్ధకస్తురాలైతే, నింద పద్యం మీద పడుతుంది ప్రభూ."

"మరి తేడా ఏమిటి?"

"పద్యమొక్కటే. ఈ చివర చదువుతారు, ఆ చివర చదవరు."

రేపు ఎవరూ మాట అనకుండా, ముత్యాలు ఆ కుండల దగ్గరికి రాకూడదని కూడా పేరయ్య తనే షరతు పెట్టాడు.

రోజూ సాయంత్రం పేరయ్య రెండు చోట్లకీ వెళ్లేవాడు. మరీ పొడుగుదీ మరీ పొట్టిదీ కాకుండా, పదింటిలో ఎత్తుకి అయిదోదిగా ఉన్న మొక్కని పట్టుకుని, దానంత పొడుగున కొబ్బరి ఈనె విరిచి, తడి బంకమన్ను పరిచిన పలక మీద గుచ్చేవాడు. రోజుకో ఈనె, పక్కపక్కనే. చూస్తుండగా రెండు పలకల మీదా మెట్ల వరుసలు లేచాయి.

పదో రోజున కవిగారి మెట్లు రెండో పలక మెట్ల కంటే ఒకటిన్నర అంగుళం ఎత్తున ఉన్నాయి. కొలువంతా చప్పట్లు కొట్టింది. కవి ఉత్తరీయం సర్దుకున్నాడు.

అప్పుడు గానీ ముత్యాలని రానివ్వలేదు. ఆమె వంగి, కవిగారి మొలకని వేలితో తాకి చూసింది.

"పేరయ్యన్నా, ఇయ్యి ఎదిగినయ్యి కాదు. ఎట్టా పాలిపోయినయ్యో చూడు. నీడన పెట్టిన మొలక ఎండ కోసం ఇట్టాగే మెడ చాపుద్ది," అంది నెమ్మదిగా.

పేరయ్య గతుక్కుమన్నాడు. తలెత్తి కవిని చూశాడు. కవి నెత్తిన బండి చక్రమంత పట్టు గొడుగు ఉంది, పక్కన దాన్ని పట్టుకునే మనిషి ఉన్నాడు. పెరట్లోకి వెళ్లినా గరళకంఠ కవి ఆ గొడుగు లేకుండా వెళ్లడు. తెల్లారింది మొదలు మధ్యాహ్నం దాకా కుండల మధ్య నిలబడి చదివాడు, గొడుగు కూడా ఆయనతోపాటే నిలబడింది. మట్టీ నీళ్లూ కొలిచిన పేరయ్య ఆ నీడని కొలవడం మరిచిపోయాడు.

"ప్రభూ, నా ఏర్పాటులో తప్పుంది. ఇంకో పది రోజులు ఇప్పించండి."

"ఓడిపోయాక గుర్తొచ్చిందా?" అన్నాడు కవి.

"ఓడాకే గుర్తొచ్చింది. కవిగారూ, ఈసారి గొడుగు లేకుండా చదువుతారా?"

"పెద్ద మహారాజుగారు స్వయంగా ఇచ్చిన గొడుగయ్యా ఇది. నా కవిత్వంలో సగం బలం దీనిదే."

"సగమా? అయితే ఆ చివర కుండలకి ఆ సగమైనా ఉండాలి కదా ప్రభూ. అటూ ఒక గొడుగు ఇప్పించండి. పద్యం మాత్రం ఇటే."

కవి పకపకా నవ్వాడు. "గొడుగు పద్యం చదువుతుందా? పెట్టుకో నాయనా."

రాజుగారి గొడుగొకటి తెచ్చి ఆ చివర గుంజకి కట్టారు. అంతే వెడల్పు, అంతే సేపు. కొత్త మట్టి, కొత్త గింజలు. ఈసారి కవి పెసర వంశం పుట్టుపూర్వోత్తరాల మీద నూరు పద్యాలు కట్టి, గొంతు బొంగురుపోయేదాకా వినిపించాడు.

పదో రోజు సాయంత్రం రాజు రెండు పలకలూ పక్కపక్కన పెట్టించాడు. ఈనెల కొనల మీదుగా వేలు పోనిచ్చాడు. ఇక్కడ ఎంతో అక్కడా అంతే.

"ఇదేమిటి పేరయ్యా? ఆ చివర ఎవరూ పద్యం చదవలేదే. గొడుగొక్కటే కదా ఉంది?"

పేరయ్య చేతులు కట్టుకున్నాడు.

"కవిగారు వినయం కొద్దీ సగం అన్నారు ప్రభూ. కొలిచి చూస్తే మొత్తం గొడుగే."

రాజు ముందు నవ్వు ఆపుకోబోయాడు, ఆగలేదు. రాజు నవ్వాడు గనక కొలువంతా నవ్వింది. గొడుగు పట్టుకున్న మనిషి నవ్విన నవ్వుకి గొడుగు ఊగి, కవిగారి మొహం మీద ఎండ పడింది. చివరికి ఆయన కూడా బొంగురు గొంతుతో నవ్వేశాడు.

ముత్యాల మాన్యం ముత్యాలకే ఉండిపోయింది, పైన ఇంకో అరెకరం కలిసింది. పేరయ్యకి రాజు వెండి మానిక బహూకరించాడు. పేరయ్య దణ్ణం పెట్టి అందుకుని, అందరి ఎదుటా అందులో గింజలు పోసి, కొలత సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు.