కానంకె తనకు తానే కాకుండా పోయిన సంగతి

ఒకప్పుడు కంప్యూటరులో, దశాంశ చుక్కనే బొట్టుగా పెట్టుకున్న ఎండ అంకెలన్నీ పొద్దున్నే చిన్నదాని పక్కన పెద్దదిగా వరస కట్టేవి. చివర నిలబడ్డ పెద్దంకె తెరమీదికెక్కి, ఈరోజు ఎండ ఎంతో ఊరికి చెప్పేది.

అంకెల్ని రెండేసి పోల్చి వరస సర్దే పని తక్కెడమ్మది. జవాబుగా ఆవిడ రెండే మాటలు ఒప్పుకునేది: "అవును", "కాదు". "ఏమో" అంటే ఆవిడకు ఒళ్లుమంట.

ఒకరోజు కోతి ఒకటి థర్మామీటరు పగలగొట్టింది. అందులోంచి అంకె రావలసింది పోయి, అంకె కాని అంకె ఊడిపడింది. దానికి కానంకె అని పేరు పెట్టారు. అప్పట్లో అది కూడా అందరిలాగే తనకు తాను సమానమే. కాకపోతే వట్టి మొండిఘటం.

"నువ్వు నలభై ఒకటిన్నర కంటే చిన్నా?" అని అడిగింది తక్కెడమ్మ.

"కాదు!"

"పెద్దా?"

"కాదు!"

"పోనీ, సమానమా తల్లీ?"

"కాదంటే కాదు!"

తక్కెడమ్మకు తల తిరిగిపోయింది. దాన్ని మధ్యలో అలాగే వదిలేసి, దాన్ని దాటించకుండా ఇటువాళ్లను ఇటు, అటువాళ్లను అటు విడివిడిగా సర్దేసింది. పాపం నలభై ఒకటిన్నర ఇటువైపే ఇరుక్కుపోయింది. కొండమీంచి వచ్చిన పన్నెండున్నర అటు చివర మిగిలి, ఎగిరి తెరమీద కూర్చుంది. ఇంకేం! మండుటెండలో ఊరు ఊరంతా స్వెట్టర్లు తొడుక్కుని బయల్దేరింది.

"రేపూ ఇలాగే చేశావో, నిన్ను అటకెక్కిస్తా!" అని కంప్యూటరు కసిరింది.

తక్కెడమ్మకు ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ వరస ఎన్నడూ తప్పలేదు.

ఇదంతా విని కానంకె హడలిపోయింది. తనను గెంటేస్తారని, ఎవరిదో చుక్కబొట్టు కొట్టేసి పెట్టుకుని అంకెల్లో కలిసిపోయింది. ఎవరు ఎవరో తెలిస్తే ఒట్టు. ఆలోచించి ఆలోచించి తక్కెడమ్మ ఒక్కొక్కరినే పిలిచింది.

"నీకు నువ్వు సమానమేనా?"

"అదేం ప్రశ్న అత్తా, అవును!" అంది పన్నెండున్నర.

నలభై ఒకటిన్నర పగలబడి నవ్వి "అవును" అంది.

మూడోదాని వంతు వచ్చింది. ప్రశ్న పూర్తయిందో లేదో, అలవాటు కొద్దీ అరిచేసింది.

"కాదు!"

"దొరికావే!" అని ఎగిరి గంతేసింది తక్కెడమ్మ.

కానంకె నాలుక కరుచుకుంది. కానీ తక్కెడలో వేసిన మాట మళ్లీ తీసుకోవడానికి వీల్లేదు. "నేను నేను కాకపోతే, మరి నేనెవర్నత్తా?" అని భోరుమంది.

తక్కెడమ్మ మనసు కరిగింది. కళ్లు తుడిచి, వరసకు అవతల దానికి వేరే పీట వేసింది. నలభై ఒకటిన్నర తెరమీదికెక్కింది. ఊరు స్వెట్టర్లు విప్పి విసురుకుంది.

అప్పటినుంచే కానంకె ఎవరికంటే చిన్నా కాదు, ఎవరికంటే పెద్దా కాదు, ఆఖరికి తనకు తాను సమానమూ కాదు. ఇప్పటికీ అంకెల్లో ఎక్కడైనా నక్కిందేమోనని అనుమానం వస్తే, "నీకు నువ్వు సమానమేనా?" అని అడిగితే చాలు. ఎంత చెప్పినా బుద్ధి రాదు దానికి, "కాదు!" అని అరిచి దొరికిపోతుంది.