పుట్టకు తెలిసిన నీళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో, మా అమ్మమ్మ ఇంకా పుట్టకముందు, నీళ్ళే లేవు. కాస్త జరుగు బుజ్జీ, నా మోకాలు చాపుకోనీ. ఆఁ. ఆ ఊళ్ళో సుంకమ్మ, మద్దిలేటి అని మొగుడూ పెళ్ళాలు ఉండేవాళ్ళు. సుంకమ్మ రోజూ రెండు కోసుల దూరం నడిచి వాగులోని చెలమ నుంచి నీళ్ళు మోసేది. మోసీ మోసీ ఆవిడ మెడ ఓ పక్కకి వాలిపోయింది.

మద్దిలేటికేమో లోకంలోని తెలివంతా తన బుర్రలోనే ఉందని నమ్మకం. ఇంటి ముందు బావి తవ్వాడు. బండ పడింది. ఆ తర్వాత చేలో తవ్వాడు. అక్కడా బండే. అప్పుడు గడ్డపార పక్కన పడేసి, "ఇంకొక్క తావు తవ్వుతా సుంకీ. ఆడా పడకపోతే ఊరిడిసిపెట్టి పోదాం" అన్నాడు. సుంకమ్మకి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

మర్నాడు ఖాళీ కుండతో పోతూ తూలి ఓ పుట్ట మీద పడింది. కుండ పగిలింది, పుట్ట కొన విరిగింది. ఇక లేవబుద్ధి కాక అక్కడే కూలబడింది. అప్పుడు విరిగిన చోటికి చెదలు బారులు తీరి వచ్చాయి. ఒక్కోటీ ఆవగింజంత మట్టి తెచ్చి అతికిస్తోంది. సుంకమ్మ వేలితో తాకి చూసింది. మండుటెండలో ఆ మట్టి తడిగా ఉంది!

"నీళ్ళు యాడుండాయే?" అని ఒక చెదపురుగుని అడిగింది.

"నాకు తెల్దు, వెనకది అందించింది."

రెండోదాన్ని అడిగింది. "నాకూ తెల్దు, వెనకది అందించింది."

మూడోది, "నాకు కళ్ళే లేవు తల్లీ, నన్నేం అడుగుతావు?" అని విసుక్కుంది.

ఒక్కదానికీ తెలీదు, తడిమట్టి మాత్రం వస్తూనే ఉంది. సుంకమ్మ ఇంటికి పోయి మొగుణ్ణి తీసుకొచ్చింది. "ఈడ తవ్వు. పుట్ట జోలికి మాత్రం పోవాకు" అని నాలుగడుగుల అవతల చూపించింది.

"నీకెవురు చెప్పినారు?"

"ఏ ఒక్కరూ చెప్పలే. అన్నీ కలిసి చెప్పినాయి."

మద్దిలేటి మూడు రోజులు నోరెత్తకుండా తవ్వాడు. మూడు నిలువుల లోతులో నీళ్ళు ఊరాయి. సుంకమ్మ దోసెడు తాగి, తవ్విపోసిన మట్టిగుట్ట మీదే నిద్రపోయింది. ఆవిణ్ణి ఎవరూ లేపలేదు.

ఏంటీ? చెదలకి ఎవరు చెప్పారా? నాకేం తెలుసు బుజ్జీ. ఈ కథ మా అమ్మమ్మ నాకు అందించింది. ఆవిడకి వాళ్ళమ్మమ్మ. నాకూ ఇప్పుడు కళ్ళు ఆనడం లేదు. నీ చేతిలో పెట్టేశాను, నువ్వు ఇంకొకరికి అందించు.

పుట్ట మట్టి పుట్టకి,
కొత్త కుండ ఉట్టికి,
కథ చేరె కంచికి,
నడుం చేరె మంచానికి.